బేతాళుడి చివరి ప్రశ్నకు విక్రమార్కుడు జవాబు చెప్పలేదు



ఈ వారంలో మీ పాప గానీ బాబు గానీ మిమ్మల్ని అడిగిన ప్రశ్నల్లో, మీకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి గుర్తు తెచ్చుకోండి. హోంవర్క్ ప్రశ్న కాదు. ఫీజు, యూనిఫాం, బస్సు సంగతి కాదు. ఊరికే, మనసుకు తోచి అడిగిన ప్రశ్న. గుర్తుకొచ్చిందా? అప్పుడు మీరేమన్నారు?

నేనేమన్నానో చెబుతాను. నేను మన స్కూల్లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. మీలాగే ఒక తండ్రిని కూడా. తప్పు నాదే కాబట్టి చెప్పడానికి మొహమాటం లేదు.

పోయిన దసరా సెలవులకు చిత్తూరులోని మా పాత ఇంటికి వెళ్ళాం. అటక మీది సామాను దించుతుంటే మా నాయన ట్రంకు పెట్టె బయటపడింది. అందులో అట్టలు ఊడిపోయిన చందమామలు, కొన్ని బాలమిత్రలు, పురికొసతో కట్టిన ఇంద్రజాల్ కామిక్స్ కట్ట ఒకటి. ఏడో తరగతి చదివే మా పాప ఆ పెట్టె ముందు చతికిలబడింది. ఇక అంతే. అన్నానికి పిలిస్తే రాదు, సెల్‌ఫోన్ ఇస్తామన్నా కదలదు.

మూడో రోజు ఒక పేజీ తెరిచి పట్టుకుని నా దగ్గరికొచ్చింది. దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’ సీరియల్. అందులో ఏకాక్షి అని ఒక ఒంటికంటి మాంత్రికుడు.

“నాన్నా, నిజంగా ఒక్క కన్నే ఉండే ప్రాణి ఏదైనా ఉందా? ఒక్క కన్నుతో దానికి ఏం కనిపిస్తుంది?”

నేను అప్పుడు స్లిప్ టెస్టు పేపర్లు దిద్దుతున్నాను. తలెత్తకుండానే, “అవన్నీ కట్టుకథలమ్మా. సెలవుల షీట్లు అయిపోయినాయా? పోయి అవి చెయ్యి” అన్నాను. ఆ సాయంత్రం పెట్టె మళ్ళీ అటకెక్కింది.

నవంబరు పీటీఎంలో నేను ఈ వైపు కుర్చీలోంచి లేచి, తల్లిదండ్రుల కుర్చీలో కూర్చున్నాను. “మార్కులు తగ్గలేదు సార్. కానీ ముందు మమ్మల్ని ఊపిరి తీసుకోనిచ్చేది కాదు, ప్రశ్న మీద ప్రశ్న. ఇప్పుడు ఏమీ అడగడం లేదు” అన్నారు సైన్స్ టీచర్.

అటక ఎక్కిన ఒక్క పెట్టె వల్లే ఇదంతా జరిగిందని అనను. కానీ అలాంటి మాటలు ఈ రెండేళ్ళలో ఎన్నిసార్లు అన్నానో లెక్క వేసుకుంటే నాకే సిగ్గేసింది. క్లాసులో మీ పిల్లలతో “డౌట్స్ అడగండి, అడగండి” అనే మాస్టారు ఇంట్లో చేసిన పని ఇది. అందుకే ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వింతకథల బొమ్మల పుస్తకాలను పిల్లల చేతుల్లోంచి లాక్కోకండి. తెలియని దాని ముందు పారిపోకుండా, ఏదో ఒక జవాబు వెంటనే అతికించేయకుండా కాసేపు నిలబడడం ఎలాగో అవి నేర్పుతాయి. మన టైం టేబుల్లో దానికి పీరియడ్ లేదు.

ఆ పుస్తకాల్లో ఉన్నదేమిటి?

చందమామ 1947 జులైలో మద్రాసులో మొదలైంది. పెట్టినవాళ్ళు బి. నాగిరెడ్డి, చక్రపాణి. నాగిరెడ్డి గారిది మన సీమే, కడప జిల్లా పొట్టిపాడు. 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా కొడవటిగంటి కుటుంబరావు గారు ఆ పత్రికను నడిపించారు. మాంత్రికులు, రాక్షసులు, శవంలోని బేతాళుడు తిరుగాడే ఆ పత్రికను తీర్చిదిద్దిన మనిషి, మరోవైపు పెద్దవాళ్ళ కోసం సైన్సు వ్యాసాలు రాసిన హేతువాది. ఆయనకు ఈ రెండు పనుల మధ్య గొడవేమీ కనిపించలేదు. మనకెందుకు కనిపిస్తోంది?

1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ అంటూ దాసరి గారు సీరియళ్ళు రాశారు. వాటికి ‘చిత్రా’ అనే పేరుతో బొమ్మలు గీసినాయన టి.వి. రాఘవన్. చందమామను కచ్చితంగా కామిక్ అనలేం, నిజమే. కానీ ఆ పేజీల్లో బొమ్మ చేసే పని మాటలు చేసే పనికి ఏమాత్రం తక్కువ కాదు. ఇక ఇంద్రజాల్ కామిక్స్ 1964 నుంచి 1990 దాకా మన దేశంలో ఫాంటమ్, మాండ్రేక్, ఫ్లాష్ గార్డన్‌లను ఇంటింటికీ తెచ్చాయి. ఫ్లాష్ గార్డన్ మోంగో అనే గ్రహం మీద దిగుతాడు. మాండ్రేక్‌కు వేరే లోకాల నుంచి అతిథులు వస్తారు.

ఈ పుస్తకాలన్నిటిలో ఒక ఘట్టం మాత్రం మళ్ళీ మళ్ళీ వస్తుంది. మనలాంటి మామూలు మనిషి ఒకడు, తనకు అంతుపట్టని దాని ఎదుట నిలబడతాడు. పొగమంచులో ఒక ఆకారం. సముద్రం మధ్య మ్యాపులో లేని దీవి. శిథిలమైన గుడిలో వెలుగు. అది మంచిదో చెడ్డదో అతనికి తెలియదు, చదివేవాడికీ తెలియదు. సరిగ్గా అక్కడ పేజీ అయిపోతుంది. కింద ‘ఇంకా ఉంది’ అని రాసి ఉంటుంది.

మా నాయన చెప్పేవారు. వాళ్ళ చిన్నప్పుడు కొత్త సంచిక వచ్చే రోజున పిల్లలంతా స్టేషన్ దగ్గరి పుస్తకాల కొట్టు ముందు కాచుకుని ఉండేవారట. చదివేశాక మళ్ళీ నెల రోజులు ఆగాలి. ఆ నెలంతా వేపచెట్టు కింద ఇదే వాదన. “ఆ గుహలో ఉండేది మాంత్రికుడే” అని ఒకడు. “కాదబ్బా, వాడి గురువు” అని ఇంకొకడు. “పోయిన నెల బొమ్మలో కాలి గుర్తులు చూడలేదా నువ్వు?” అని మూడోవాడు. ఊహించడం, ఆధారం చూపడం, తన ఊహ తప్పని తేలితే ఒప్పుకోవడం. నేను ల్యాబులో నేర్పాలని తంటాలు పడే పని ఇదే. దాన్ని వాళ్ళు వేపచెట్టు కింద ఉచితంగా నేర్చుకున్నారు.

రీల్స్‌కూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. రీల్‌లో వింత కనిపించిన పదిహేను సెకన్లకే ఇంకో వింత వచ్చి పడుతుంది. ఆలోచించే సందు ఉండదు. కామిక్‌లో ఒక బొమ్మకూ దాని పక్క బొమ్మకూ మధ్య తెల్లటి సందు ఉంటుంది. మొదటి గడిలో వీరుడు తలుపు దగ్గర ఉంటాడు, రెండో గడిలో గది మధ్యలో ఉంటాడు. ఆ మధ్యలో ఏం జరిగిందో గీయలేదు. దాన్ని బిడ్డ తన బుర్రలో గీసుకోవాలి. ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు పేజీ తిప్పాలో కూడా బిడ్డ ఇష్టమే.

శవం మోసిన రాజు

బేతాళ కథలు మనందరికీ తెలుసు. శంకర్ గారు గీసిన బొమ్మ కూడా మీ కళ్ళ ముందు ఉండే ఉంటుంది. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. ఆ బొమ్మ గీసిన కె.సి. శివశంకరన్ గారు 2020లో కన్నుమూశారు.

ఆ కథల షరతు గుర్తుందా? రాజు మౌనంగా శవాన్ని మోసుకుపోవాలి. దారిలో బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుంది. చెబితే మౌనం భంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. విక్రమార్కుడు తెలివైనవాడు. ప్రతిసారీ సరైన జవాబే చెబుతాడు. ప్రతిసారీ వెనక్కి నడుస్తాడు.

మరి ఆ నడక ఎక్కడ ముగిసింది? చందమామలో ముగియలేదు. పాత కథలు అయిపోయాక కొత్తవి కల్పిస్తూ దశాబ్దాలపాటు నెలనెలా నడిపారు. కానీ సంస్కృత మూలంలో దానికి ముగింపు ఉంది. 11వ శతాబ్దంలో సోమదేవుడు రాసిన ‘కథాసరిత్సాగరం’లో ఈ కథలున్నాయి. అక్కడ బేతాళుడు చివరిగా ఒక చిక్కు బంధుత్వం గురించి అడుగుతాడు. తండ్రి కూతురినీ, కొడుకు ఆమె తల్లినీ పెళ్ళాడితే వాళ్ళ పిల్లలు ఒకరికొకరు ఏమవుతారని. రాజు ఆలోచించాడు. తేలలేదు. తెలిసినట్టు నటించలేదు. శవాన్ని కిందికి దించనూ లేదు. మౌనంగా నడుస్తూనే ఉన్నాడు. అప్పుడే బేతాళుడు సంతోషించి, ముందున్న ప్రమాదం చెప్పి, రాజు ప్రాణం కాపాడాడు.

ఈ సంగతి నేను ఇరవై ఏళ్ళు టీచర్‌గా ఉన్నాక గమనించాను. అన్ని సరైన జవాబులూ రాజును మళ్ళీ చెట్టు దగ్గరికే పంపాయి. తనకు తెలియని ఒక్క ప్రశ్నను భుజాన మోస్తూ ఆగకుండా నడిచినప్పుడే గమ్యం వచ్చింది.

తప్పుగా అనుకోకండి. జవాబులు వద్దనడం లేదు. మార్కులు కావాలి, ర్యాంకులు కావాలి, ఆ పని మీదే నేనూ జీతం తీసుకుంటున్నాను. కానీ పన్నెండేళ్ళపాటు ప్రతి ప్రశ్నకూ నాలుగు ఆప్షన్లు ముందే రాసి ఇస్తే, ఆప్షన్లు లేని ప్రశ్న ఎదురైన రోజు ఆ పిల్లవాడు ఏం చేస్తాడు? ఉద్యోగంలో, జబ్బులో, పెళ్ళిలో వచ్చే ప్రశ్నల కింద ఎ, బి, సి, డి ఉండవు కదా.

మన ఊరి చుట్టూ ఉన్న వింతలు

‘వింతలన్నీ కథల్లోనే, సైన్సులో అన్నీ తేలిపోయాయి’ అని పిల్లలు అనుకుంటున్నారు. అలా అనుకునేలా చేసింది మనమే. తిరుపతి వాళ్ళం, చిత్తూరు వాళ్ళం అలా అనుకోవడం మరీ విచిత్రం. ఎందుకంటే రెండు పెద్ద వింతలు మన బస్సు దారిలోనే ఉన్నాయి.

మొదటిది తిరుమల ఘాట్ రోడ్డు. కొండను తొలిచిన చోట్ల కింద ఒక రకం రాయి, దాని మీద పలకలు పేర్చినట్టు ఇంకో రకం రాయి కనిపిస్తుంది. ఈ రెండూ ఆనుకుని ఉన్నాయి. కానీ వాటి మధ్య సుమారు 80 కోట్ల సంవత్సరాల కాలం లేదు. అంత కాలానికి చెందిన పొరలు అక్కడ లేవు. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకాల్లో చేర్చింది. కొండ మీది శిలాతోరణం కూడా అలాంటి స్మారకమే. రెండు కామిక్ గడుల మధ్య సందు గురించి చెప్పాను కదా. ఇక్కడ కొండే రెండు గడులు గీసి మధ్యలో 80 కోట్ల ఏళ్ళ సందు వదిలింది. ‘ఇక్కడ ఏం జరిగి ఉంటుంది?’ అని బస్సు కిటికీలోంచి ఒక్కసారైనా మన పిల్లలను అడిగామా? ‘వాంతి వస్తే కవర్ తీసుకో’ అంటాం, అంతే.

రెండోది తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో, పాకాల దగ్గరి గాదంకి. అక్కడ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 1024 యాంటెనాలతో నేల మీద పరిచిన పెద్ద రాడార్ ఉంది. ఆకాశంలోకి తరంగాలు పంపి, తిరిగి వచ్చే సన్నని ప్రతిధ్వనులను వింటుంది. 1960ల్లో పెరూ దేశంలోని హికమార్కా రాడార్ కేంద్రంలో ఒక వింత బయటపడింది. సుమారు 150 కిలోమీటర్ల ఎత్తు నుంచి ప్రతిధ్వనులు వస్తున్నాయి. అవీ పగలు మాత్రమే. పొద్దున ఎత్తులో మొదలై, మధ్యాహ్నానికి కిందికి దిగి, సాయంత్రానికి మళ్ళీ పైకి పోతాయి. కాగితం మీద గీస్తే మెడలో హారంలా ఉంటుంది. రాత్రయితే మాయం. మన గాదంకి రాడార్ కూడా వాటిని పట్టుకుంది. ఎందుకు వస్తున్నాయో యాభై ఏళ్ళు గడిచినా తేలలేదు. సూర్యకాంతి పైగాలిలోని అణువుల నుంచి ఊడగొట్టే ఎలక్ట్రాన్లే కారణం కావచ్చని ఇటీవలి ఏళ్ళలో కంప్యూటర్ లెక్కలు చూపిస్తున్నాయి.

ఆ యాభై ఏళ్ళూ ఆ శాస్త్రవేత్తలు ఏం చేశారు? ‘దెయ్యం’ అనలేదు. ‘అదేం లేదు, యంత్రం తప్పు’ అని కొట్టిపారేయలేదు. ‘ఉంది, కానీ ఏమిటో తెలియదు’ అని రాసుకుని, శవాన్ని భుజాన వేసుకుని నడిచారు. విక్రమార్కుడి పనే అది. వేపచెట్టు కింద పిల్లలు చేసిన పని కూడా అదే.

మీ మనసులో ఉన్న మాటలు

‘మూఢనమ్మకాలు అంటుకోవా సార్?’ న్యాయమైన భయమే. శాస్త్రీయ దృక్పథం, జిజ్ఞాస పెంచుకోవడం పౌరుడి విధి అని మన రాజ్యాంగమే 51ఎ అధికరణంలో చెబుతోంది. దానికి నేను వాడే పరీక్ష చాలా సులువు. ఆ కథ మిమ్మల్ని నమ్మమంటోందా, ఆలోచించమంటోందా? బేతాళుడు తనను నమ్మమని ఎప్పుడూ అడగలేదు. న్యాయం ఏమిటో చెప్పమన్నాడు. కానీ మన ఫోన్లకు రోజూ వచ్చే ‘సీసీటీవీలో దొరికిన దెయ్యం’ వీడియో నమ్మమంటుంది, పది మందికి పంపమంటుంది, పంపకపోతే కీడు అంటుంది. మూఢనమ్మకాన్ని ఇంట్లోకి తెస్తున్నది ట్రంకు పెట్టె కాదు, మన జేబులోని ఫోను.

‘రాత్రి భయపడితే?’ భయపడతారు, కొంచెం. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, తోటి వేషం, సున్నపు కుండల వేషం మొదటిసారి చూసిన చిన్నబిడ్డ కూడా బెదిరి అవ్వ చీర పట్టుకుంటుంది. అవ్వ బిడ్డను ఇంటికి పంపేయదు. “మన వీధి అబ్బాయే, వేషం కట్టాడు” అని చెబుతుంది. చేయి వదలకుండా చూపిస్తుంది. పుస్తకానికీ అంతే. మరీ చిన్నపిల్లలైతే పక్కన కూర్చుని చదవండి. రక్తం, హింస నిండిన పుస్తకమైతే పక్కన పెట్టండి. అది మీ విచక్షణ.

‘పాత పుస్తకాల్లో తప్పుడు బొమ్మలు లేవా?’ ఉన్నాయి. ఒక తెల్లదొర ముసుగు వేసుకుని ఆఫ్రికా అడవి మనుషులకు దిక్కుగా ఉండడమే ఫాంటమ్ కథ. మన కథల్లోనూ రాకుమార్తె ఎక్కువగా ఎవరో వచ్చి విడిపించే దాకా కూర్చుని ఉంటుంది. కొండజాతుల వాళ్ళను భయంకరంగా గీసిన పేజీలూ ఉన్నాయి. దాచకండి. ‘ఇలా ఎందుకు గీశారంటావ్?’ అని అడగండి. మా పాప దానికి ఇచ్చిన జవాబు నా జవాబు కంటే సూటిగా ఉంది.

‘ఇవన్నీ పిల్లలను చెడగొడతాయి’ అనే భయం కొత్తది కాదు, మనది మాత్రమే కూడా కాదు. 1954లో అమెరికాలో ఫ్రెడరిక్ వర్థమ్ అనే మానసిక వైద్యుడు, కామిక్స్ వల్లే పిల్లలు నేరస్తులవుతున్నారని పుస్తకం రాశాడు. సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. భయపడిన ప్రచురణకర్తలే కామిక్స్ కోడ్ అనే కట్టుబాటు పెట్టుకున్నారు. 2012లో కేరొల్ టిల్లీ అనే పరిశోధకురాలు వర్థమ్ కాగితాలు పరిశీలించి, ఆయన తన దగ్గరికి వచ్చిన పిల్లల వివరాలను తనకు కావలసినట్టు మార్చి రాశాడని బయటపెట్టారు.

ఆ కోడ్ అడ్డుకోబోయిన కథల్లో ఒకటి మీకు చెప్పాలి. పేరు ‘జడ్జిమెంట్ డే’. 1953లో ‘వియర్డ్ ఫాంటసీ’ అనే కామిక్‌లో వచ్చింది. భూమి నుంచి ఒక వ్యోమగామి రోబోల గ్రహానికి తనిఖీకి వెళతాడు. అక్కడ నారింజ రంగు రోబోలు, నీలం రంగు రోబోలు ఉంటాయి. లోపలి యంత్రాలు ఒకటే, పై రేకు రంగే తేడా. కానీ నీలం వాటికి వేరే బస్తీ, చిన్న పనులు. ‘మీరింకా మా గణతంత్రంలో చేరడానికి సిద్ధంగా లేరు’ అని చెప్పి అతను తిరిగి వెళ్ళిపోతాడు. చివరి గడిలో హెల్మెట్ తీస్తాడు. అతను నల్లజాతి మనిషి. 1956లో దాన్ని మళ్ళీ అచ్చు వేయబోతే, అతను నల్లవాడై ఉండకూడదని కోడ్ అధికారి పట్టుబట్టాడు. ప్రచురణకర్త విలియం గెయిన్స్ ఒప్పుకోక, మార్చకుండానే వేశాడు. వేరే గ్రహం కథ అనుకుని మొదలుపెట్టిన బిడ్డ, చివరికి తన వీధి గురించి ఆలోచిస్తుంది. వింతకథ చేసే మంచి పని అది.

ఏం చేద్దాం?

‘టైమ్ ఎక్కడుంది సార్?’ అంటారని తెలుసు. స్టడీ అవర్, ఫౌండేషన్ షీట్లు, బస్సులో గంట. అందుకే పెద్ద పనులు చెప్పను.

వారానికి ఒక రాత్రి, ఒక కథ, బిడ్డతో కలిసి. ఉత్కంఠగా ఉన్న చోట పుస్తకం మూసేయండి. ‘తర్వాత ఏమవుతుంది? నీకెందుకు అలా అనిపిస్తోంది?’ అని అడగండి. మిగతాది మరుసటి వారం. ‘ఇంకా ఉంది’ అనే రుచి వాళ్ళకు తెలియాలి.

చందమామ 2013 నాటికి ఆగిపోయింది. కానీ దాసరి గారి సీరియళ్ళు పుస్తకాలుగా మళ్ళీ అచ్చయ్యాయి. అమర్ చిత్ర కథ, టింకిల్ ఇప్పటికీ దొరుకుతున్నాయి. అంతకంటే ముందు మీ అటక చూడండి, మీ అత్తగారింటి అటక కూడా చూడండి. ఇంగ్లీషు కథలైనా పరవాలేదు. తెలుగు చదవడం తడబడే పిల్లలకు మాత్రం ఈ బొమ్మల కథలే మంచి మందు. బొమ్మ సాయం చేస్తుంది, కథ లాక్కుపోతుంది.

మూడోది అన్నిటికంటే కష్టం. తెలియనప్పుడు ‘నాకు తెలియదు, చూద్దాం పట్టు’ అనండి. ఫోన్ తీసి వెంటనే వెతకకండి. ముందు ఇద్దరూ ఊహించండి. మరుసటి రోజు వెతకండి. ఈ మాట అన్నందుకు బిడ్డ దృష్టిలో మనం చిన్నబోమని నేను హామీ ఇస్తాను.

సంక్రాంతికి మళ్ళీ చిత్తూరు వెళ్ళినప్పుడు నేనే నిచ్చెన వేసుకుని పెట్టె దించాను. “ఆ రోజు నువ్వు అడిగిన ప్రశ్నకు నాకు జవాబు తెలియదు పాపా. తెలియదని చెప్పకుండా కసురుకున్నాను” అన్నాను. అది కాసేపు నా మొహం చూసి, “ఇప్పుడు తెలిసిందా?” అంది. “లేదు, కనుక్కుందాం” అన్నాను.

మన జువాలజీ మేడమ్ గారిని అడిగాం. ఒంటికన్ను ప్రాణి ఉంది. పేరు సైక్లాప్స్. గ్రీకు కథల్లోని ఒంటికన్ను రాక్షసుడి పేరే దానికి పెట్టారు. చెరువు నీళ్ళలో, పాత దిగుడు బావుల్లో ఉంటుంది. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. ఆ మాట వినగానే మా అమ్మ, “అంటే నారికురుపు పురుగా?” అంది. ఆమె చిన్నప్పుడు ఊళ్ళో ఆ బావి నీళ్ళు తాగినవాళ్ళకు కాల్లోంచి దారం లాంటి పురుగు వచ్చేదట. పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం లాగేవాళ్ళట. ఆ పురుగు పిల్లలను కడుపులో మోసేది ఈ సైక్లాప్సే. నీళ్ళను గుడ్డతో వడకట్టి తాగడం నేర్పి, బావులు బాగుచేసి, మన దేశం ఆ జబ్బును తరిమేసింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఒంటికంటి మాంత్రికుడి దగ్గర మొదలైన ప్రశ్న మా అమ్మ ఊరి బావి దగ్గర తేలింది. నేను కట్టుకథ అన్నది దీన్ని.

మా పాప రెండో ప్రశ్న కూడా వదల్లేదు. ఒక్క కన్నుతో దానికి ఏం కనిపిస్తుంది? మేడమ్ గారు చెప్పారు, దాని కన్ను మన కన్నులా బొమ్మను చూపదట, వెలుగు ఎటు ఉందో చీకటి ఎటు ఉందో మాత్రమే తెలుస్తుందట. పాప కాసేపు ఆలోచించింది.

“అయితే దానికి చీకటంటే భయమేస్తుందా?”

నాకు తెలియదు. మేడమ్ గారికీ తెలియదు. ప్రస్తుతం ఆ ప్రశ్న మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితంలో ఉంది.

వచ్చే పీటీఎంకు మీరు వచ్చేటప్పుడు మీ బిడ్డ డైరీ చివరి పేజీలో, మీ ఇంట్లో ఎవరికీ జవాబు తెలియని ప్రశ్న ఒకటి రాసి తీసుకురండి. మార్కుల గురించి మాట్లాడుకున్నాక, ఐదు నిమిషాలు దాని గురించి మాట్లాడుకుందాం.